పడవ పుస్తకం

యుద్ధం రోజులు. నలభై నాలుగో సంవత్సరం ఎండాకాలమంతా నేను మాచర్లలో మా పుట్టింట్లో ఉన్నాను. మా అమ్మ వెంకాయమ్మకు గుంటూరులో కళ్ళ ఆపరేషను చేశారు. డాక్టరు ఆమెకు కళ్ళ మీద కట్టుకునే పచ్చగుడ్డ ఒకటీ, చెయ్యకూడని పనుల జాబితా ఒకటీ ఇచ్చి ఇంటికి పంపాడు. వంగకూడదు. బరువెత్తకూడదు. పొయ్యి దగ్గరికి పోకూడదు. ఏడవకూడదు. నలభై రోజులు ఇలా గడపాలి. మా అమ్మను ఎరిగినవాళ్ళెవరూ ఇందులో నాలుగోవంతు జరుగుతుందని కూడా నమ్మలేదు. అందుకే నాయన నరసరావుపేటకు కార్డు రాశాడు. నేను పిల్లలిద్దర్నీ మా అత్తగారికి అప్పజెప్పి రైలెక్కాను.

నాలుగో రోజుకే అమ్మకు విసుగు పుట్టింది. వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకుని, కనపడని ఇంటిని చెవులతో కాపలా కాసేది. పెరట్లో చెంబు చప్పుడైతే చాలు, "ఎవురది? కుండ మీద మూత పెట్టారా?" అని కేక. కాకి అరిస్తే వడియాలకు, కుక్క మొరిగితే కోళ్ళకు, జక్కయ్య దగ్గితే ఎడ్లకు ఏదో అయిందని బెంగ. జక్కయ్య మా పాలేరు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో ఉన్నవాడు.

"ఏమే అనసూయా, ఆ విసనకర్ర ఊపింది చాల్లే గానీ, ఏదన్నా చదవరాదంటే," అంది ఒక మధ్యాహ్నం.

"ఏం చదవమంటావు?"

"అదేం ప్రశ్నే? మనకేమన్నా బీరువాల నిండా పుస్తకాలున్నాయా? పడవ పుస్తకం చదువు."

"అది మనింట్లో ఎక్కడుందమ్మా?" అనేసి నాలుక కరుచుకున్నాను. అది ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. వెల్దుర్తిలో, మా మేనత్త మహాలక్ష్మమ్మ పెట్టెలో ఉంది. అమ్మ ఆ పేరు నోటితో పలికి పన్నెండేళ్ళయింది.

అమ్మ పచ్చగుడ్డ సర్దుకుంది. తర్వాత తనే, "మీ ఆయన పంతులేగా. పేటలో లైబ్రరీ ఉందంటావుగా. దొరుకుద్దేమో రాయి," అంది.

రాయమంటే రాస్తాను. ఏమని రాయను? ఆ పుస్తకానికి పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాయన ఎక్కడినుంచో అట్టలు ఊడిన పాత నవల తెచ్చి, మా ఊళ్ళో బైండింగు చేసే అలీ సాహెబుతో ఎర్రగుడ్డ అట్ట వేయించాడు. పేరున్న పుటలు అప్పటికే చెదల పాలయ్యాయి. అందులో ఒక పడవ ఉంది కాబట్టి మా ఇంట్లో అది పడవ పుస్తకం. మధ్యాహ్నం పనులు తెమిలాక అమ్మా అత్తా ఆముదాలు వొలుస్తూనో కందులు ఏరుతూనో కూర్చుంటే, నేను గుంజకు ఆనుకుని పెద్దగా చదివేదాన్ని. అయిపోతే మళ్ళీ మొదటినుంచీ. అట్లా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మాకు ఇంకో పుస్తకం కావాలని ఎప్పుడూ తోచలేదు.

కథ ఇదీ. కమల అనే ఇల్లాలూ, విశాలాక్షి అనే విధవరాలూ ఒకే ఇంట్లో ఉంటారు. మొదట్లోనే ఇద్దరికీ మాట పట్టింపు వస్తుంది. పుస్తకం సగానికొచ్చేసరికి విశాలాక్షి పెట్టె సర్దుకుని పడవ ఎక్కేస్తుంది. కమల రేవులో నిలబడి చూస్తుంది. "పడవ మలుపు తిరిగెను. కమల కదలకుండెను." పుట తిప్పితే, "పడవ రేవు చేరెను. విశాలాక్షి పెట్టె చేతబట్టుకొని దిగెను." కోపం తీరి వచ్చేసిందన్నమాట. ఇక అక్కడినుంచి ఇద్దరూ కలిసి మల్లెపందిరి వెయ్యడం, పిల్లకు జ్వరమొస్తే వంతులేసుకుని కూర్చోవడం, చివరికి జోరున వాన కురుస్తుంటే అరుగు మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుకోవడం. అంతటితో కథ కంచికి.

అందులో చిక్కులు లేకపోలేదు. తిరిగొచ్చిన విశాలాక్షిని చూసి కమల, "మీరెవరమ్మా?" అంటుంది. నేను తెల్లబోతే అత్త నవ్వి, "ఇంకా కోపం తగ్గలా. ఎరగనట్టు నటిస్తంది. మీ అమ్మ కూడా ఇంతేగా," అంది. కమల కూతురు ముందు పెళ్ళీడు పిల్ల, తర్వాత ఉయ్యాల్లో పిల్ల. "ఇది రెండోదే, పిచ్చిమొహమా," అని అమ్మ సర్దిచెప్పింది. పుటల అంకెలు కూడా నడిమధ్యలో మళ్ళీ ఒకటినుంచి మొదలయ్యేవి. రాసినాయన లెక్క తప్పాడనుకున్నాను. అక్షరాలొచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లా, అక్షరం రాని ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకచోట చేరితే ఎంతటి పుస్తకానికైనా అర్థం చెప్పేస్తారు.

అత్త నాయనకు అక్క. ఇరవై ఏళ్ళకే భర్త పోతే వెల్దుర్తినుంచి మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పొలం చూసుకుంటే అత్త నన్ను పెంచింది. నా పెళ్ళినాడు పొద్దున్నే నన్ను పీట మీద కూర్చోబెట్టారు. తలకు మొదటి నూనె తానే అంటుదామని అత్త గిన్నె పట్టుకుని వచ్చింది. పెంచిన చెయ్యి కదా, వేరే ఆలోచన ఆమెకు రాలేదు. మగపెళ్ళివారి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ, "వదినా, నువ్వు పక్కకు జరుగు. ముత్తయిదువల్ని రానియ్యి," అంది. గట్టిగా కూడా అనలేదు. అత్త గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. మూడు రోజులూ వంటింట్లో పనిచేసి, చుట్టాలు కదిలాక, తన పెట్టె ఒకటీ ఆ పుస్తకం ఒకటీ తీసుకుని వెల్దుర్తి బండెక్కింది. చదువు రాని మనిషికి పుస్తకం ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మాచర్లకు వెల్దుర్తి పన్నెండు మైళ్ళు. నాయన ఏడాదికి రెండుసార్లు పోయి అక్కను చూసి వచ్చేవాడు. వచ్చి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, "బాగుంది" అనేవాడు. అమ్మ వినపడనట్టు చెంబు తోముకునేది. ఒకసారి నాకు ఒళ్ళు మండి, "నువ్వు పోయి పిల్చుకు రావచ్చుగా," అన్నాను.

"పుస్తకంలో విశాలాక్షిని ఎవరన్నా పిల్చారంటే? కోపం తీరినాక తనే వచ్చింది. ఆ కత మీ అత్తకు నాకంటే బాగా తెలుసు. వస్తదిలే," అంది అమ్మ.

ఆ మాట మొండితనంతో అన్నది కాదు. అమ్మ నిజంగా నమ్మింది. వాకిట్లో బండి ఆగిన ప్రతిసారీ ఆమె తల ఎత్తడం నేను చూశాను.

నేను ఉత్తరం రాస్తే మా ఆయన మస్తాన్‌రావు పదిరోజులు తిప్పించుకున్నాడు. "నువ్విచ్చిన ఆనవాళ్ళతో పారిపోయిన దొంగనైనా పట్టుకోవచ్చు గానీ పేరు లేని పుస్తకాన్ని పట్టుకోవడం కష్టం. కమల, విశాలాక్షి, పడవ అనగానే లైబ్రరీలో ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన భార్యకు కూడా ఇష్టమట. జాగ్రత్తగా తిరిగి పంపు," అని రాసి, పోస్టులో పొట్లం పంపాడు. విప్పి చూస్తే రెండు పలచటి పుస్తకాలున్నాయి. నవలకు పేరు బారెడు పొడుగుంది. ఇప్పటికీ నాకు నోరు తిరగదు.

అమ్మ మంచం పక్కన పీట వేసుకుని, గొంతు సవరించుకుని, పైదాన్ని తెరిచాను. "పడవ రేవు చేరెను. విశాలాక్షి పెట్టె చేతబట్టుకొని దిగెను."

"ఆగాగు. నడిమధ్యలో మొదలెట్టావేందే? మొదట్నుంచి చదువు," అంది అమ్మ.

అట్ట తిప్పి చూశాను. ప్రథమ భాగము అని ఉంది. రెండోదాని మీద ద్వితీయ భాగము అని ఉంది. రెండింటిలోనూ అంకెలు ఒకటినుంచే మొదలు. ద్వితీయ భాగం చివరి పుట తీశాను. "పడవ మలుపు తిరిగెను. కమల కదలకుండెను." కింద, మా పుస్తకంలో చెదలు తినేసిన చోట, సమాప్తము.

ఉయ్యాల్లో పిల్ల రెండోది కాదు. కమల నటించడం లేదు. "మీరెవరమ్మా" అని అడిగింది నిజంగా ఎవరో తెలియకే. వాళ్ళిద్దరూ అప్పుడే మొదటిసారి కలుసుకున్నారు. మల్లెపందిరీ వానలో నవ్వులూ అన్నీ ముందు. ఆ తర్వాత పోట్లాట, పడవ. పోయిన విశాలాక్షి మళ్ళీ ఎక్కడా రాలేదు.

"ఏందే, నిద్రపోయావా?"

"తలనొప్పిగా ఉందమ్మా. రేపు చదువుతా," అన్నాను. అబద్ధమాడేటప్పుడు నాకెప్పుడూ తలనొప్పే వస్తుంది.

మర్నాడు పొద్దున రెండు భాగాలూ కొంగులో చుట్టుకుని స్టేషను దారిలో అలీ సాహెబు కొట్టుకు పోయాను. కొట్టంటే ఒక అరుగు, ఒక చెక్క ప్రెస్సు, మైదా జిగురు వాసన. ఆయన గడ్డం అప్పటికి పూర్తిగా నెరిసింది. నన్ను చూసి సూది పక్కన పెట్టాడు.

"రా తల్లీ. అమ్మ కళ్ళు ఎట్టా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి మామా. ఒక సంగతి అడగాలి. ఇరవై రెండేళ్ళ కిందట మా నాయన నీ దగ్గర ఎర్రట్ట పుస్తకం కుట్టించాడు, గుర్తుందా?"

"గుర్తుండకేం! ఏరు దాటి మాచర్ల వచ్చినాక నాకు అదే మొదటి బేరం. మిర్యాలగూడెంలో ఉన్నప్పుడు అన్నీ ఉర్దూ కితాబులే కుట్టేవాణ్ణి. తెలుగు పుస్తకం చేత్తో తాకడం అదే మొదలు. మీ నాయన శివరామయ్య రెండు ముక్కలు తెచ్చి, ఇది ఒకటోది, ఇది రెండోది, కలిపి కుట్టు సాయిబూ అన్నాడు. బిస్మిల్లా అనుకుని ఒకటోది కుడిపక్క పెట్టి, రెండోది దాని ఎడంపక్క..."

అక్కడ ఆగిపోయాడు. చేతులు గాలిలో అట్లాగే ఉన్నాయి. ఉర్దూ పుస్తకం కుడివైపునుంచి తెరుస్తారు. ఒకటోది కుడివైపు ఉంచడమే న్యాయం. తెలుగు పుస్తకాన్ని ఎడమవైపునుంచి తెరిస్తే ముందు దొరికేది రెండోదే.

"యా అల్లా! తిరగేసి కుట్టానా?" అన్నాడు.

నేను తలూపాను. ఆయన మొహం చూస్తే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. అత్త సంగతి ఊరందరికీ తెలిసినట్టే ఆయనకూ తెలుసు. కానీ పుస్తకానికీ దానికీ ముడి ఉందని తెలియదు. చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం దువ్వుకున్నాడు.

"ఆ తర్వాత ఒక పంతులుగారు చూసి తిట్టాడమ్మా, తెలుగు పుస్తకం ఇటునుంచి మొదలురా అని. అప్పట్నుంచి సరిగ్గానే కుడతన్నా. ముందు కుట్టించుకున్నోళ్ళు ఎవరూ వచ్చి అడగలా. మీ ఇంట్లో అడగాల్సింది కదా తల్లీ!"

"మాకు బాగానే ఉంది మామా, అందుకే అడగలేదు," అన్నాను. అంతకంటే నిజమైన మాట ఆ వేసవిలో నేను ఇంకోటి అనలేదు.

ఇంటికి వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. అమ్మకు చెప్పకూడదు. ఎట్లా విన్నదో అట్లాగే ద్వితీయ భాగం ముందు, ప్రథమ భాగం తర్వాత చదివేస్తే పోయేదేమీ లేదు. కళ్ళు నయమయ్యే దాకా ఆమెను కదిలించకుండా ఉంటే చాలు. ఆపరేషను చేసిన కళ్ళకు ఏడుపు మంచిది కాదు కూడా.

అట్లా మళ్ళీ చదవడం మొదలైంది. రోజుకు ఒక గంట. ముప్పై ఏళ్ళ వయసులో ఆ పుస్తకం చదువుతుంటే కొన్నిచోట్ల నవ్వాగలేదు. వెన్నెల వస్తే మూడు పుటలు, ఎవరైనా ఏడిస్తే నాలుగు. చిన్నప్పుడు నోరు తిరగని మాటలన్నీ దాటేసేదాన్ని. ఇప్పుడూ ఒక వెన్నెల దాటేయబోయాను. "ఇక్కడ చకోరాలు రావాలిగా, ఏయీ?" అని అమ్మ పట్టేసింది. చకోరం ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ రావలసిన చోట రావాల్సిందే.

చిన్నప్పుడు నేను విశాలాక్షి మనిషిని. అత్త విశాలాక్షి అనీ అమ్మ కమల అనీ అనుకునేదాన్ని కాబట్టి, కమల ఏమన్నా నాకు కిట్టేది కాదు. ఇప్పుడు చదివితే కమల మీద జాలేసింది. ఆమె వయసు నా వయసే. ఇంటి నిండా చుట్టాలు, నెత్తి మీద నూరు పనులు. విశాలాక్షిని ఆమె అన్న మాట పుస్తకంలో ఒక పంక్తి కూడా లేదు. అనేసి కూర అడుగంటిందేమో చూడటానికి లోపలికి పోతుంది. అంత చిన్నమాటకు ఆ రచయిత పడవంత పెద్ద శిక్ష వేశాడని చిన్నప్పుడు నాకు తోచలేదు. నా పెళ్ళినాటి అమ్మ మొహం గుర్తొచ్చింది. ఆమె కూడా భయంతోనే అన్నది, పొగరుతో కాదు. ఇన్నేళ్ళూ నేను దాన్ని పొగరనే అనుకున్నాను.

ఆ చోటికి వచ్చినప్పుడు అమ్మ మామూలుగా "చూశావా దీని నోరు" అని కమలను తిట్టేది. ఈసారి తిట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

ముప్పై ఒకటో రోజున పడవ దగ్గరికి వచ్చాం. "పడవ మలుపు తిరిగెను. కమల కదలకుండెను," అని చదివి, పీట పక్కనున్న ప్రథమ భాగం చేతిలోకి తీసుకున్నాను. అమ్మ పచ్చగుడ్డ కింద పెదాలు అప్పటికే కదులుతున్నాయి. పడవ రేవు చేరెను అని నాకంటే ముందే అనేస్తోంది. ఆ కదలిక చూసి నాకు చెయ్యాడలేదు. అక్కడ పన్నెండు మైళ్ళ దూరంలో ఒక మనిషి కూడా ఇట్లాగే ఎదురుచూస్తూ ఉంటే? అరవై ఏళ్ళ మనిషి ఇంకెన్నాళ్ళు చూస్తుంది?

"చదవ్వే," అంది అమ్మ.

"అయిపోయిందమ్మా."

"ఏందీ అయిపోయేది?"

"పుస్తకం. ఇక్కడితో అయిపోయింది."

"మరి రావడం?"

"రావడం ముందమ్మా. పోవడం తర్వాత. సాయిబు తిరగేసి కుట్టాడు. మనం చదివింది తలకిందులు."

అంతా చెప్పాను. అమ్మ కదలకుండా పడుకుని విన్నది. పెరట్లో కాకి వడియాల మీద వాలి తిన్నంత తిన్నది. ఆమె కేకెయ్యలేదు.

"అయితే ఆవిడ రాలా," అంది.

"రాలేదు."

"ఆ కమల పోయి పిలవనూ లేదు."

"లేదమ్మా."

"ఏడవకూడదన్నాడు కదే డాక్టరు," అంది. పచ్చగుడ్డ అంచు తడిసింది. నేను తుడవబోతే చెయ్యి నెట్టేసింది.

ఆ రోజూ మర్నాడూ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. జక్కయ్య దగ్గినా ఎడ్ల సంగతి అడగలేదు. నాకు భయమేసింది, చేతులారా చెడగొట్టానేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. మూడో రోజు పొద్దున లేచేసరికి అమ్మ స్నానం చేసి, కట్టిన చీర మార్చుకుని, మంచం పట్టె మీద కూర్చుని ఉంది.

"జక్కయ్యను బండి కట్టమను."

"ఇంకా ఏడు రోజులుందమ్మా. బండి కుదుపులకు కళ్ళు..."

"పోతే పోయినై. పన్నెండేళ్ళు కళ్ళుండి ఏం చూశా?"

నాయన వాకిట్లో నిలబడి విన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. పోయి బండిలో రెట్టింపు గడ్డి పరిచి, దాని మీద తన పరుపు వేసి, అమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

వెల్దుర్తి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అత్తది ఊరి చివర నాపరాళ్ళ కప్పు ఇల్లు. ముందు తాటాకు పందిరి. పందిరి కింద అత్తా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. బండి చూసి అత్త సుత్తి కింద పెట్టలేదు. నేను దిగాను. "ఏమే అనసూయా, చిక్కిపోయావు. మీ ఆయన అన్నం పెట్టట్లేదా?" అంది. జుట్టు ముగ్గుబుట్టయింది గానీ గొంతు అదే. నాకు పోయి ఒళ్ళో పడాలనిపించింది.

అమ్మ జక్కయ్య భుజం పట్టుకుని దిగింది. పందిరి దాకా వచ్చి ఆగింది. నలుగురు ఆడవాళ్ళూ పని ఆపారు. సుత్తుల చప్పుడు ఆగడం విని, చెవి దగ్గర మాట్లాడదాం రమ్మని అత్తను పిలుస్తుందేమో అనుకున్నాను. పిలవలేదు. ఉన్నచోటే నిలబడి అంది:

"వదినా, అనసూయ పెళ్ళిలో నిన్ను నలుగురిలో పక్కకు జరగమన్నా. అది నేను చేసిన తప్పు. అందుకే నలుగురిలోనే చెప్తన్నా. ఆ నూనె పెట్టాల్సింది నువ్వే."

అత్త సుత్తి ఒకసారి పడింది, గింజ ఎగిరి ఎక్కడో పడింది. "ఇది చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టిందా వెంకాయీ?"

"నువ్వే వస్తావనుకున్నా. పుస్తకంలో వచ్చిందిగా. ఆ సాయిబు దాన్ని తిరగేసి కుట్టాడంట. రావడం ముందంట. పోవడం తర్వాతంట."

అత్తకు అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పాను. ఆమె మొహంలో ఒక్కొక్కటీ తిరిగి కుదురుకోవడం కనపడింది. కాసేపటికి అమ్మవైపు తిరిగి, ఎంతో అనుమానంగా, "అయితే ఉయ్యాల్లో పిల్ల రెండోది కాదూ?" అంది.

"కాదంట వదినా. పెళ్ళీడు పిల్లే అది. ముందుది."

"మరి మనం దానికి పేరు కూడా పెట్టుకున్నామే!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అమ్మ కళ్ళ మీద రెండు చేతులూ అదుముకుని నవ్వింది. అత్త నవ్వి నవ్వి పమిట నోట్లో కుక్కుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. ఆ నవ్వులోనే ఎక్కడో ఇద్దరూ ఏడ్చారు కూడా. డాక్టరు అక్కడ లేడు కదా.

"పోదాం పద వదినా. బండి తెచ్చా," అంది అమ్మ.

అత్త తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు. "రాలేనే వెంకాయీ. అప్పుడు ఒక్కమాట పంపితే పరుగెత్తుకొచ్చేదాన్ని. ఇప్పుడు నాకిక్కడ బర్రె ఉంది, రెండెకరాల చేను ఉంది, వీళ్ళున్నారు. అక్కడ నేను శివరామయ్య అక్కని. ఇక్కడ నేను మహాలక్ష్మమ్మని. ఈ వయసులో మళ్ళీ ఇంకొకళ్ళింటి మనిషిని కాలేను."

అమ్మ బతిమాలుతుందనుకున్నాను. లేదు. మెల్లగా పందిరి కిందికి వచ్చి, తడుముకుని అత్త పక్కన కూర్చుని, వొలిచిన చింతపండు చేతుల్లోకి తీసుకుని వేళ్ళతో గింజ మిగిలిందేమో చూడసాగింది. "సరే, అయితే నేనే ఉంటా," అంది.

"మీ ఆయన?"

"చేతులున్నాయిగా."

రెండు రోజులు చూశాను. మూడో రోజు నేను బండెక్కుతుంటే అత్త వెంట వచ్చింది. అమ్మను ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. "దాని కళ్ళలో ఆ చుక్కల మందు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెప్పి పో," అంది. చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని రెండుసార్లు అప్పజెప్పింది. పందిరి కింద అమ్మ ఎవరికో బెల్లం ఎంత పడాలో గట్టిగా చెబుతోంది. ఆ ఊరి ఆడవాళ్ళ మీద అప్పుడే పెత్తనం మొదలైంది. దారి పొడుగునా నాకు సంతోషంగానూ ఉంది, దిగులుగానూ ఉంది. ఆ సంతోషం పన్నెండేళ్ళ కిందటే దొరికేది కదా అని.

మాచర్లలో నాయన వాకిట్లోనే ఉన్నాడు. బండిలోకి తొంగి చూశాడు. నేనొక్కదాన్నే దిగాను.

"అమ్మేదే?"

"అత్త దగ్గరుంటానంది."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేదు నాయనా."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. అన్నం ఎవరు వండిపెడతారని అడుగుతాడనుకున్నాను. నీళ్ళిస్తే తాగలేదు. చెంబు పట్టుకుని కూర్చుని అన్నాడు:

"నేను పోయిన ప్రతిసారీ అక్క ఒకటే అడిగేది. ఎద్దులు విప్పకముందే అడిగేది, వెంకాయి ఎట్టా ఉందిరా అని. వస్తానంటే రమ్మనరా అని."

పన్నెండేళ్ళు, ఏడాదికి రెండుసార్లు. "మరి అమ్మకు ఎందుకు చెప్పలేదు నాయనా?"

"మీ అమ్మ అడగలేదుగా," అన్నాడు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అలీ సాహెబు మీద రాని కోపం, అమ్మ మీద రాని కోపం అంతా ఒక్కసారి వచ్చింది. "అడక్కపోతే చెప్పకూడదా? ఒక్కమాట! నీ నోటెంట ఒక్కమాట వస్తే..." అని అరిచాను. తండ్రి మీద అట్లా అరవడం నా జన్మలో అదొక్కసారే. ఆయన తల వంచుకుని, తిట్లన్నీ తన సొంతమన్నట్టు విన్నాడు. అరిచి అరిచి నేనే ఆగిపోయాను.

చెంబు కింద పెట్టి లేచాడు. "జక్కయ్యా, ఎడ్లను విప్పమాక. వెల్దుర్తి పోవాల."

"ఇప్పుడే వచ్చినై అయ్యా, నురగలు కక్కుతున్నై," అన్నాడు జక్కయ్య. "ఏమంత తొందర? రేపు పోదాం."

"రేపా?" అన్నాడు నాయన. "అక్క అడిగిన మాట చెప్పి రావాలిరా." కండువా భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా, గడప దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు.